నల్లా నంబరు నాలుగు

మూడో శాంపిల్ కూడా అదే పేరు చెప్పింది.
ల్యాబులో మునీర్ ప్లేటు పైకెత్తి చూపాడు.
గులాబీ రంగు జిగురు చుక్కలు,
పాయసం ఒలికినట్టు నున్నగా, ముద్దుగా.
తొమ్మిది వందల గ్రాముల పసివాడి
రక్తంలో పెరిగినవి అవి.

వార్డులో పదకొండు గాజుపెట్టెలు.
కిటికీ అవతల చీకట్లో మూసీ,
వాన వెలిశాక దాని వాసన.
రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను నేను
దొంగ కోసం వచ్చిన పోలీసులా.
ఈ ఉద్యోగంలో చేరి నలభై రోజులు.
చేతులు కడిగారా, చేతులు కడిగారా అని
అడిగి అడిగి, క్యాంటీన్‌లో నన్ను చూస్తే
వేళ్లు బల్లకింద దాచుకునేవాళ్లు.
"వచ్చిందమ్మా చేతుల సిస్టరు!"

ఎస్తేరు మేడం వచ్చింది,
తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి.
ముప్పై ఏళ్లుగా ఆమె చేసిన పనంతా
రాని జ్వరం, పట్టని చీము,
ఏ తల్లీ ఏడవని తెల్లవారుజాము.
జరగనివాటికి
జీతం కాగితంలో గడి ఉండదు.

ఎవర్నీ ఏమీ అడగలేదు.
ముందు తన చేతులు కడుక్కుంది
వేళ్ల సందులు, బొటనవేలి మొదలు, మణికట్టు,
బియ్యం కడిగినంత ఓపికగా.
ఫోన్లో పార్థసారథి సార్ గొంతు:
"ఎవరు చేశారు? పొద్దున్నకల్లా
నాకు పేరు కావాలి."

గోడవారగా ఆరుగురు నర్సులు.
మేడం స్టూలు లాక్కుని కూర్చుంది.
"ముందు నాది చెప్త.
తొంభై ఆరుల, నైట్ డ్యూటీ,
ఒక్క సెలైన్ సీసతోని రెండు మంచాలకు ఎక్కించిన.
ఒకరు బతికిండ్రు."

అంతే. ఆ తర్వాత
మానిటర్ల చప్పుడు మాత్రం చాలాసేపు.

అప్పుడు నవనీత.
కాంట్రాక్టు పిల్ల, మలక్‌పేట నుంచి
రెండు బస్సులు మారి వస్తుంది.
"పాలగిన్నెలు మేడం...
వేడినీళ్ల మిషిన్ చెడిపోయి పదిరోజులాయె.
ఇండెంట్ రాసినం, ఎవ్వరూ రాలే.
నాలుగో నల్లా కింద కడిగిన.
మంచిగనే కడిగిన మేడం."

నా పెన్ను అప్పటికే "న" రాసింది.
మేడం వేలు వచ్చి కాగితం మీద వాలింది.
"పేరు రాయకు బిడ్డా.
నల్లా నంబరు రాయి."

పొద్దున సార్ గదికి నన్నూ తీసుకెళ్లింది.
వెనకాల నిలబడబోతే
మోచేయి పట్టి పక్కకు లాగింది.
"పేరు?" అన్నాడాయన.
"నాదే రాసుకోండి సార్, ఈ పనికి పెద్దను నేనే.
ఇండెంట్ మీద తారీకు కూడ చూడుండ్రి.
కింద ఎవరి సంతకం ఉందో కూడ."

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చదివాడు.
తర్వాత వార్డు వైపు లేచాడు.
నాకు తెలియకుండానే నా నోరు అంది:
"సార్, లోపలికి పోయే ముందు... ఉంగరం."
గదిలో ఫ్యాను ఒక్కటే తిరిగింది.
మేడం కిటికీ వైపు చూసింది,
నా మాటను నాకే వదిలేసి.
ఉంగరం కణుపు దగ్గర ఇరుక్కుంది.
సబ్బుతో గానీ రాలేదు.

ఖాజా వచ్చి నల్లా విప్పాడు.
మంజీర నీళ్లు పారే ఇత్తడి గొంతులో
వేలెడు మందం జిగట.

ముగ్గురిలో ఇద్దరు బరువు పెరిగారు.
మూడోవాడి గాజుపెట్టెను
నేనూ మేడం కలిసి తుడిచాం,
ఒకసారి తుడిచి, మళ్లీ ఒకసారి,
ఒక్క మాటా లేకుండా.
ఆ రోజు బస్సులో నా చేతుల్ని
ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాను.
దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

తర్వాతి మంగళవారం, రాత్రి రెండున్నర.
ఫోను మోగింది. నవనీత.
"సిస్టర్, పండుకున్నవా?
ఏడో నల్లా దగ్గర నీళ్లు నిలుస్తున్నయ్.
నేను గుడ్డ కట్టిన, ఎవ్వరూ తిప్పకుండ.
పొద్దుగాల జర వచ్చి చూడు."

చెప్పుల కోసం చీకట్లో తడుముకున్నాను.
పొద్దున దాకా ఎందుకని.